పదిహేను నెలలు వద్దన్న దొర

మా చెల్లెలి కూతురు గుంటూరులో ఉద్యోగం చేస్తోంది. ఈ ఆగస్టులో తమ సంఘం యువతతో కలిసి కెన్యా వెళుతోంది. పది రోజుల సువార్త యాత్ర. పల్లెల్లో తిరిగి, ముక్కూమొహం తెలియని మనుషులకు యేసును గురించి చెప్పి రావాలి. వెళ్ళేవాళ్ళందరికీ ఒక కాగితం ఇచ్చారు. ఎలా పలకరించాలి, ఏ మాట తర్వాత ఏ మాట చెప్పాలి, చివర్లో ఏ ప్రశ్న అడగాలి, అన్నీ అందులో ఉన్నాయి. "పెద్దమ్మా, ఇన్నేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పావు కదా, ఇది బాగుందేమో చూసిపెట్టు" అని తెచ్చి నా చేతిలో పెట్టింది.

చదివాను. రాసినదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే అది చెప్పేవాళ్ళ వైపు నిలబడి రాసిన కాగితం. మేము విన్నవాళ్ళ పిల్లలం. మా ఊరు ఒంగోలుకూ అద్దంకికీ మధ్య, గుండ్లకమ్మ వార. అక్కడి మాదిగపల్లెలో పుట్టాను. సముద్రాలు దాటి కొత్తమనుషులు ఒక మతం చెప్పడానికి వస్తే ఎదురుగా కూర్చుని విన్నది మా ముత్తాతల తరం. ఎవరి మాట విన్నారు, ఎందుకు విన్నారు, విన్నాక ఏం పోగొట్టుకున్నారు అన్నది మా ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ పిల్ల విమానం ఎక్కేలోగా ఇదంతా తెలుసుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

గుంటూరుకు అమెరికా నుంచి మొదట వచ్చినవారు ఫాదర్ హయ్యర్. జర్మనీలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరిన లూథరన్ బోధకుడు. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టే నాటికి నలభై తొమ్మిదేళ్ళవాడు. అప్పటి కలెక్టరు స్టోక్స్ మిషనరీలు కావాలని ఎదురుచూస్తున్నాడు, వచ్చినాయనకు అండగా నిలిచాడు. హయ్యర్ బడులు పెట్టాడు. కొన్నేళ్ళకు అమెరికా వెళ్ళి, వైద్యం చదువుకుని మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత పల్నాడులో, గురజాల వైపు, జ్వరాల నడుమ కాపురం పెట్టాడు. చివరిసారి వచ్చేనాటికి డెబ్బై అయిదు దాటాయి. రాజమండ్రి మిషను చేయి జారిపోతోందని తెలిసి 1869లో ఓడ ఎక్కాడు. సూయజ్ కాలువ తెరిచిన ఏడాది అది. హయ్యర్ మొదటి ప్రయాణం నాటికి ఆ దగ్గరదారి లేదు, బోస్టన్‌లో ఎక్కిన మనిషి గుంటూరు చేరడానికి తొమ్మిది నెలలు పట్టింది. అంత దూరం వచ్చినవాడు పది రోజుల్లో తిరిగిపోయే ప్రశ్నే లేదు కాబట్టి, వచ్చినవాడు భాష నేర్చుకున్నాడు.

ఒంగోలు కథ వేరు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840లో దిగారు. ఏళ్ళు గడిచినా చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే విశ్వాసులు. ఇక మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. లైమన్ జూవెట్ అనే మిషనరీ మాత్రం ఒప్పుకోలేదు. 1854 నూతన సంవత్సరం నాడు తెల్లవారకముందే జూవెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొద్దిమందిలో జూలియా అనే తెలుగు స్త్రీ ఉంది. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమన్నది వాళ్ళ ప్రార్థన. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. అడిగిన మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో దిగాడు. అమెరికాలో భూముల సర్వే చేసిన మనిషి. ఆ సర్వే పని తర్వాత ఎంత అక్కరకొచ్చిందో చెబుతాను.

కానీ మా పల్లెలకు మొదట చెప్పింది క్లౌ దొర కాదు. ఈ ముక్క నేను ఎక్కడైనా నొక్కి చెబుతాను. చెప్పింది ఎర్రగుంట్ల పేరయ్య.

పేరయ్యది ఒంగోలుకు పడమరగా తాళ్ళకొండపాడు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. చదువు రాదు, కానీ దేవుణ్ణి వెతకడం ఆయనకు కొత్త కాదు. ఆ రోజుల్లో మా పల్లెల్లో గురువుల దగ్గర మంత్రోపదేశం పొంది, రాజయోగం సాధన చేసి, రాళ్ళకు మొక్కడం మానేసిన పెద్దలు ఉండేవారు. పేరయ్య కూడా ఆ బాటన నడిచినవాడు. వ్యాపారం మీద ఉత్తరానికి, ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల ద్వారా యేసును గురించి విన్నాడు. ఒంగోలుకు కూడా ఒక దొర వస్తాడట అని విని, వచ్చాక తానే వెతుక్కుంటూ వెళ్ళాడు. అంటే దొర ఆయన్ను కనిపెట్టలేదు, ఆయనే దొరను కనిపెట్టాడు. ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం పొంది ఊరు చేరారు. వాళ్ళు చెప్పడానికి వేదిక అక్కర్లేదు. ప్రతి పల్లెలో ఒక మేనత్తో, వియ్యంకుడో, తోళ్ళు కొనే బేరగాడో ఉంటాడు. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుంటే అదే కూడిక.

1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో డేరా వేశాడు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం అన్నం మూటలు కట్టుకుని వచ్చారు. కొద్ది రోజులు అక్కడే ఉండి వింటామని తయారై వచ్చారు. చివరకు ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. క్లౌ అప్పటికి ఒంగోలు వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆ తోపులోకి జనాన్ని తెచ్చింది పేరయ్య కాళ్ళు. పాత బోధకులు చెప్పిన ఈ కథల్ని క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకంలో 1899లో అచ్చు వేయించింది. మా పూర్వుల నోటి మాటలు అచ్చులో నిలిచిన అరుదైన చోటు అది. అందుకే ఆ పుస్తకం మీద నాకు అంత ప్రేమ.

విన్నవాళ్ళు ఏం ఇచ్చుకున్నారో కూడా చెప్పాలి. కొత్తగా చేరినవాళ్ళకు మూడు కట్టడులు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. అప్పటి పల్లె బతుకులో పెట్టి చూడండి. కపిల తోలే బావికి తోలు బాన కుట్టాలి, కాపుకు చెప్పులు కుట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి. దానికి ప్రతిఫలం కళ్ళంలో ఇంత గింజ, ఊళ్ళో గొడ్డు చస్తే దాని మాంసం, తోలు. డప్పు కొట్టనంటే, ఆదివారం కపిల పనికి రానంటే, కరణం మునసబులు ఊరుకోలేదు. గింజ ఆపారు, పని ఆపారు, బావి దగ్గరికి రానివ్వలేదు, తప్పుడు కేసులు పెట్టారు. మూడు చిన్న మాటలకు మా వాళ్ళు కట్టిన మూల్యం ఇది.

ఒంగోలులో దొరకూ ఆ తొలి రోజుల్లోనే పరీక్ష వచ్చింది. పై కులాల పెద్దలు కొందరు మొదట సుముఖంగా ఉన్నారు, వాళ్ళ పిల్లలు బడికి వచ్చేవారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మేము రామని తేల్చి చెప్పారు. ఏం చేయాలో పాలుపోక క్లౌ ఒక గదిలో, మొదటి భార్య హారియట్ ఇంకో గదిలో బైబిలు తెరిచారనీ, ఇద్దరి కళ్ళూ ఒకే చోట పడ్డాయనీ మా సంఘాల్లో చెబుతారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం, లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. బడి ఖాళీ అయింది. దొర మా వాళ్ళను వదల్లేదు.

ఇక ధాత కరువు. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో వానలు ఎగగొట్టి 1878 దాకా సాగిన కరువు. మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది పోయారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. అందులో ఒకటి బకింగ్‌హాం కాలువ. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువను మద్రాసు వైపు నీళ్ళదారితో కలిపే పని. దానిలో మూడు మైళ్ళకు పైగా తవ్వించే కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. పాత సర్వే చదువు అక్కడ అక్కరకొచ్చింది. వేరే చోట మేస్త్రీలు కూలి కోసుకునేవారు, తిట్టి కొట్టేవారు. ఇక్కడ మేస్త్రీలుగా పెట్టింది తన తెలుగు బోధకులను. కూలి సక్రమంగా చేతికందేది. ఆకలికి ఊళ్ళు విడిచిన వేల మంది తట్టా పారా పట్టుకుని అక్కడికి చేరారు. మధ్యాహ్నం పని ఆపి నీడన కూర్చున్నప్పుడు మేస్త్రీ తట్ట పక్కన పెట్టి వాళ్ళతోనే కూర్చునేవాడు. ఊళ్ళ కబుర్లు అడిగేవాడు. వాళ్ళు అడిగితే తాను నమ్మింది చెప్పేవాడు.

బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులుగా అడిగారు. క్లౌ వద్దన్నాడు. 1877 మొదటి నెలల నుంచి 1878 జూన్ దాకా, సుమారు పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. కారణం ఒక్కటే. ఆకలిగా ఉన్న మనిషి చేతిలో తిండి పెడుతూ, ఆ చేతితోనే నీ దేవుణ్ణి మార్చుకోమనడం న్యాయం కాదు. అడిగేవాడు దేని కోసం అడుగుతున్నాడో ఆ సమయంలో అతనికే తెలియదు.

మా సంఘాల పండగ బ్యానర్ల మీద ఎప్పుడూ 2,222 అనే అంకె కనబడుతుంది. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజున అంత మంది బాప్తిస్మం పొందారు. నిజమే, ఆ రోజు మా ముత్తాత కూడా ఆ నీళ్ళల్లో దిగాడని మా ఇంట్లో చెబుతారు. అయినా నా గుండెకు దగ్గరైనది ఆ అంకె కాదు, దాని ముందు గడిచిన పదిహేను నెలలు. ఆ నెలలు లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. కూడు కోసం కలిసినవాళ్ళన్న నింద మా మీద ఇప్పటికీ వేస్తారు. వేసేవాళ్ళకు నేను చెప్పే జవాబు ఆ నెలలే.

కరువు తగ్గి, సాయం డబ్బు అయిపోయాక, క్లౌ ఊళ్ళకు కబురు పంపాడు: ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, సాయం కోసం ఎవరూ రావద్దు. అయినా వచ్చారు. కాలువ తవ్వి బొబ్బలెక్కి కాయలు కాసిన చేతులు చూపించి, మేము పని చేసి బతికాం, మళ్ళీ పని చేసి బతుకుతాం, మాకు డబ్బొద్దు, బాప్తిస్మం ఇవ్వమన్నారని క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. వానలు పడ్డాయి, చేలు తడిశాయి, అప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున చేరారు. తెల్లవారుతూనే మొదలై, ఎండ ముదిరాక ఆపి, మళ్ళీ మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి ముగిసింది. నీళ్ళల్లో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులవారీగా. క్లౌ ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూశాడు, తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ ఏడు ముగిసేసరికి కొత్తగా చేరినవాళ్ళు తొమ్మిది వేల పైచిలుకు. ఒంగోలు సంఘం ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘమని అప్పట్లో చెప్పుకున్నారు.

ఈ కథ విని మా పిల్ల, "అయితే ఆకలిగా ఉన్నవాళ్ళకు ఏమీ ఇవ్వకూడదా?" అని అడిగింది.

"ఇవ్వాలమ్మా. ఇచ్చేటప్పుడు కాగితంలోని ఆ చివరి ప్రశ్న అడక్కూడదు" అన్నాను.

గుంటూరులో అందుకు ఇంకో గుర్తు ఉంది. అన్నా కుగ్లర్ 1883లో వచ్చింది. డాక్టరు, కానీ అప్పటి మిషను ఆమెను వైద్యం కోసం పంపలేదు, ఆడవాళ్ళకు చదువు చెప్పడానికి పంపింది. ఇక్కడి ఆడవాళ్ళు మగ వైద్యుడికి నాడి చూపించకుండా కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకోవడం చూసి ఆమె మందుల పెట్టె పక్కన పెట్టలేకపోయింది. తర్వాత ఆసుపత్రి తెరిచింది. గుంటూరువాళ్ళు నేటికీ కుగ్లర్ ఆసుపత్రి అంటారు. 1930లో చనిపోయేదాకా ఇక్కడే ఉంది. ఆమె దగ్గర పురుడు పోసుకున్న వాళ్ళల్లో మతం మారనివాళ్ళే ఎక్కువ. వాళ్ళ పిల్లలూ కుగ్లరమ్మ అనే అనుకున్నారు. ఆమె చెప్పదలచుకున్నది వాళ్ళకు అందలేదని నేను అనుకోను.

ఇంతవరకూ మన దగ్గరికి వచ్చినవాళ్ళు. మనం వెళ్ళిన కథ చాలామందికి తెలియదు, మా సంఘాల్లోనే తెలియదు, అది నాకు బాధ. విదేశాలకు సువార్త తీసుకెళ్ళడం ఈ తరం తెలుగువాళ్ళు మొదలుపెట్టిందని మా పిల్ల అనుకుంది. కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు తమ హోం మిషన్ సొసైటీ తరఫున ఒక తెలుగు బోధకుణ్ణి ఆఫ్రికాకు పంపారు. ఆయన పేరు జాన్ రంగయ్య, నెల్లూరు ప్రాంతంవాడు. అమెరికా డబ్బుతో బతికిన పేద సంఘాలని పేరు పడ్డవాళ్ళు, గుండ్లకమ్మ బాప్తిస్మాలు జరిగి పాతికేళ్ళయినా నిండా కాకుండానే తామే ఒక మనిషిని సముద్రం దాటించారు. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్ళేది. పేద సంఘం సొమ్మంటే అదే.

రంగయ్య వెళ్ళింది దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు. అక్కడ చెరకు తోటలకు 1860 నుంచి మన దేశపు కూలీలను అయిదేళ్ళ ఒప్పందం మీద ఓడల్లో తరలించారు. 1911లో ఆపే నాటికి వెళ్ళినవాళ్ళు లక్షా యాభై రెండు వేల పైమాటే. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ చాలామంది. పాసు లేకుండా తోట దాటడానికి లేదు. సర్దారు కొరడా ఒకపక్క, బారకాసుల్లో ఇరుకు ఒకపక్క. వాళ్ళల్లో ఇక్కడే బాప్తిస్మం పొంది వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వాళ్ళను పోగుచేసేవాడు, చచ్చినప్పుడు తెలుగులో ప్రార్థన చేసేవాడు లేడు. రంగయ్య కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర నిలిచాడు. 1903 డిసెంబరులోనే అక్కడ తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. బడి పెట్టాడు. తోట తోటకూ తిరిగాడు. డార్నల్ లాంటి చెరకు ఊళ్ళల్లో సంఘాలు కట్టాడు. చివరి ఏళ్ళల్లో సంఘాల మధ్య విభేదాలు వచ్చాయి, చీలిక వచ్చింది. 1915లో అక్కడే కన్నుమూశాడు. పన్నెండేళ్ళు. ఆయనకూ పేరయ్యకున్నటువంటి దారే దొరికింది: వినేవాడి భాష, వినేవాడి తిండి, వినేవాడి ఊరి పేరు తెలిసినవాడు వెళ్ళి చెప్పడం.

మా పిల్లకు స్వాహిలీ రాదు. కెన్యాలో ఆమెకు మేనత్తలు లేరు. ఇంకో సంగతి, కెన్యాలో అధిక సంఖ్యాకులు క్రైస్తవులే. ఆమె కలవబోయే అపరిచితుల్లో చాలామంది ఆమె కంటే ముందు నుంచీ పాటలు పాడుతున్నవాళ్ళు. గుంటూరు చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల్లో ఆఫ్రికా విద్యార్థులు చదువుతున్నారు కదా, వాళ్ళల్లో కెన్యా పిల్ల ఎవరైనా దొరుకుతుందేమో చూడమన్నాను. దొరికింది. ఆ అమ్మాయి కాగితం చదివి, "ఇదంతా మా అమ్మమ్మకు తెలుసు. మీరు వెళ్ళి ముందు ఆవిడ చెప్పేది వినండి" అందట. పలకరింపులు నాలుగు నేర్పింది. పెద్దవాళ్ళ ఎదుట ఎలా నిలబడాలో నేర్పింది. నా సలహాలన్నిటికంటే అది ఎక్కువ పనికొచ్చింది.

ఇలాంటి యాత్రలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. అన్ని దేశాలూ ఒకటి కావు. మన పిల్లలు తేలిగ్గా వెళ్ళొచ్చే నేపాల్‌లో, 2015 రాజ్యాంగంలోనే ఇతరుల మతం మార్చడాన్ని నిషేధించారు. 2018లో అమలుకొచ్చిన శిక్షాస్మృతి ప్రకారం అయిదేళ్ళ దాకా జైలు, విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేయడం. మన దేశానికి వచ్చే విదేశీయులు కూడా పర్యాటక వీసా మీద మతబోధ చేయకూడదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. మన రాజ్యాంగం 25వ అధికరణ వ్యక్తులందరికీ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. అయితే ఇంకొకరి మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో తీర్పు చెప్పింది. ఎవరి మనసు వాళ్ళదేనని కోర్టు చెప్పినా, క్లౌ ఆచరించినా, నా విశ్వాసానికి అందులో అడ్డేమీ కనబడదు.

వినేవాడు కట్టే మూల్యం కూడా ఇంకా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కిందికి రాడు. మన రాష్ట్రంలో బీసీ-సి పత్రం ఇస్తారు. గుడి మారినా పల్లె మారదు, పల్లె వెలుపలి చూపు మారదు, కాగితం మాత్రం మారుతుంది. నమ్మమని చెప్పేవాడు ఈ సంగతి తెలిసే చెప్పాలి. కొత్త దేశంలో అయినా అంతే. ఆ మనిషి రేపు ఇంట్లో, ఊళ్ళో ఏం ఎదుర్కొంటాడో తెలియకుండా పదో రోజున విమానం ఎక్కేసేవాడు అతన్ని నిర్ణయం తీసుకోమని ఒత్తిడి పెట్టకూడదు.

మొన్న మిరప కోతల రోజుల్లో మా పిల్లను ఊరికి తీసుకెళ్ళాను. ఏటా ఆ కాలానికి కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలు కుటుంబాలు కోతలకు దిగుతాయి. కళ్ళాల పక్కన పట్టాలు కట్టుకుని ఉంటారు. పసిపిల్లలు ఎర్రటి రాశుల పక్కనే నిద్రపోతారు. సాయంత్రానికి ఆడవాళ్ళ చేతులు మంటలెత్తి కొబ్బరినూనె రాసినా చల్లారవు. ఇంతకంటే అపరిచితులు నీకు కెన్యాలో కూడా దొరకరు, వీళ్ళతో కూర్చో అన్నాను.

మొదటి పూట కాగితం సంచిలో పెట్టుకునే వచ్చింది. కాయలు కోయడం రాదు, తొడిమె తెగకుండా కోయడం ఆమెకు పదేళ్ళ పిల్ల నేర్పింది. వాళ్ళ మాటలో కన్నడం కలుస్తుంది, సగం అర్థం కాలేదు. మధ్యాహ్నం జొన్నరొట్టె పెట్టారు, తిన్నది. ఒకామె కొడుకుకు నాలుగు రోజులుగా జ్వరం. మా పిల్ల ఆటో పిలిచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి, రక్తపరీక్ష అయ్యేదాకా బల్ల మీద కూర్చుంది. మర్నాడు ఆ తల్లే అడిగింది.

"నువ్వెవరమ్మా? ఊళ్ళో పనున్నదానివి కాదు, మేస్త్రీ మనిషివి కాదు. ఎందుకొచ్చినావు?"

మా పిల్ల చెప్పింది. తన ప్రభువు ఎవరో, ఆయన్ను తాను ఎందుకు ప్రేమిస్తుందో, ఏ కష్టంలో ఆయన తనకు తోడుగా ఉన్నాడో చెప్పింది. కాగితంలో ఉన్న వరస కాదు, అడిగినదానికి జవాబు. ఆమె విని, తమ ఊరి ఎల్లమ్మ సంగతి చెప్పింది. మా పిల్ల అదీ విన్నది. చివరి ప్రశ్న అడగలేదు. ఎందుకు అడగలేదని నేను అడిగితే, "కొడుక్కి జ్వరం తగ్గలేదు కదా పెద్దమ్మా" అన్నది.

గుంటూరు వెళ్ళాక వాళ్ళ పెద్దలతో మాట్లాడింది. పది రోజుల్లో ఏడు ఊళ్ళు తిరగాలని మొదటి పథకం. ఒకే ఊళ్ళో ఉంటాం, అక్కడి సంఘం ఏ పని చెబితే ఆ పని చేస్తాం, అక్కడివాళ్ళు మాట్లాడమంటేనే మాట్లాడతాం అని అడిగింది. కొందరికి నచ్చలేదు, ఫొటోలకు, నివేదికకు ఏం ఉంటుందన్నారు. రెండు వారాలు చర్చ జరిగి ఒప్పుకున్నారు. అక్కడి పాస్టరుగారికి ఆ మేరకు ఉత్తరం రాశారు. జవాబు వచ్చింది. ఆగస్టులో తమ వైపు మొక్కజొన్న విరిచే రోజులనీ, సంఘంలో ఒంటరి ముసలివాళ్ళ చేలు కొన్ని మిగిలిపోతున్నాయనీ, పొలంలో దిగడానికి పాత బట్టలు, గట్టి బూట్లు తెచ్చుకోమనీ రాశారు. రాత్రిళ్ళు చలిగా ఉంటుందట, స్వెట్టర్లు కూడా.